అనుమానించడానికీ ఒక మిషనా!

మా రోజుల్లో రిజల్ట్ రాసే ముందు పెన్ను కాసేపు ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. మిషన్ కుయ్‌మంటుంది, అంకె కనబడుతుంది, అది చీటీ ఎక్కుతుంది, దాన్నిబట్టి మాత్ర పడుతుంది. మధ్యలో "ఆ అంకె నిజమేనా?" అని అడిగినవాడు చాదస్తపు ముసలోడు. అననీ. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో లేబ్ టెక్నీషియన్‌గా జుట్టు నెరిసినవాణ్ణి. ఆ మాత్రం చాదస్తం పెన్షన్‌తో పాటే వచ్చింది.

పోయిన పండక్కి మా వీధి పిల్లోడు బెంగళూరు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆస్పత్రి మిషన్లకు సంబంధించిందేదో చేస్తాడు. అరుగు మీద కూర్చుని కొత్త కబురు చెప్పాడు.

"తాతా, మంచం పక్కన చేసే టెస్టులన్నిటికీ ఇప్పుడు ఏఐ పెడతాండారు. షుగర్ మిషన్ తప్పు చెప్తాందా, సరిగ్గా చెప్తాందా అని అది కనిపెట్టి చూస్తాంటాది."

"అంటే మిషన్ మీద అనుమానపడతాదా?"

"అంతే అనుకో."

"దానికి జీతమెంతప్పా?"

"జీతమేంది తాతా, అది ప్రోగ్రాం కదా."

"మరి ఇన్నేండ్లు గవర్నమెంటు నాకు జీతమిచ్చింది దేనికనుకున్నావు? అనుమానపడేదానికే!"

వాడు నవ్వాడు. నేను మాత్రం ఉన్న మాటే చెప్పాను.

హిమోగ్లోబిన్ సంగతే తీసుకోండి. మాకు సాలీ గొట్టం ఉండేది. అందులో ఎన్ బై టెన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 20 గీత దాకా పోయాలి. వేలు గుచ్చి, సన్నని పిపెట్‌తో 20 మైక్రోలీటర్ల నెత్తురు నోటితో పీల్చాలి. గాలి బుడగ వస్తే పారబోసి మళ్ళీ పీల్చాలి. పిపెట్ బయట అంటుకున్నది దూదితో తుడిచి, యాసిడ్‌లోకి మెల్లగా ఊదాలి. ఆ తర్వాత పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నెత్తురు గోధుమ రంగుకు తిరగడానికి ఆ టైము పడుతుంది. లోపల డాక్టరుగారు "ఏమయ్యా, ఇంకా కాలేదా?" అని కేకేస్తున్నా సరే, గోడ గడియారంలో పది నిమిషాలు గడిస్తేనే చుక్క చుక్కగా డిస్టిల్డ్ వాటర్ కలిపేది. పక్కనున్న గోధుమ రంగు గాజుతో రంగు కలిసేదాకా కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాళ్ళం. లైటు కింద చూస్తే ఒక రంగు, ఎండ వెలుగులో చూస్తే ఒక రంగు. అందుకని ఎప్పుడూ ఒకే కిటికీ. సందేహం వస్తే కాంపౌండర్‌ను పిలిచి ఆయన కంటికీ చూపించేవాళ్ళం. ఇద్దరికీ తేడా వస్తే మళ్ళీ మొదటికి.

సాలీ పద్ధతి గొప్పదని నేననడం లేదు. చూసే కంటిని బట్టి గ్రాము అటూ ఇటూ అయ్యేది. పద్ధతి కచ్చితం కాదని మాకు తెలుసు, అందుకే జాగ్రత్త. ఇప్పటి మిషన్ కచ్చితమని అందరికీ నమ్మకం, అందుకే జాగ్రత్త పోయింది. నా గోడు ఇంతే, మిగతాదంతా దీని వివరణే.

మూత్రంలో చక్కెర చూడాలంటే బెనడిక్ట్ ద్రావణం. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి కాచడం. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు, అలా రంగు ముదిరేకొద్దీ చక్కెర ఎక్కువ. అయితే కొత్త సీసా వచ్చిన రోజు ఎవరి శాంపిలూ వేయకముందే ఉత్త ద్రావణాన్ని కాచేవాళ్ళం. దానంతట అదే రంగు మారితే ఆ సీసా పనికిరాదు. తర్వాత గ్లూకోజ్ కలిపిన నీళ్ళు వేసి కాచేవాళ్ళం. రంగు మారకపోతే అప్పుడూ పనికిరాదు. ముందు పరీక్ష సీసాకు, ఆ తర్వాతే మనిషికి.

హిందూపురం చింతపండు మార్కెట్‌లో తక్కెడ పెట్టినవాడు రాళ్ళ మీద ప్రభుత్వ ముద్ర చూపించకపోతే రైతు ఊరుకుంటాడా? మా కంట్రోల్ సీసా అలాంటి ముద్ర రాయి. ఎంత తూగాలో ముందే తెలిసినదాన్ని తూచి, తక్కెడ సరిగ్గా ఉందని తేల్చుకుని, అప్పుడు తెలియనిదాన్ని తూచాలి.

పరీక్షను పేదవాడి గడప దగ్గరికి తెచ్చింది తామేనని ఈ కాలంవాళ్ళు అనుకుంటారు. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టారు. పెద్ద ఊళ్ళ శానిటోరియంలు కాకుండా, పల్లె ఆస్పత్రిలోనే మైక్రోస్కోపు పెట్టి, దగ్గుతో వచ్చినవాడి తెమడ అక్కడికక్కడే చూసి, మందు కూడా అక్కడే ఇవ్వాలని వాళ్ళు ఒక పథకం వేశారు. దాన్ని జిల్లా మొత్తానికి మొదట పెట్టి చూసింది ఎక్కడనుకున్నారు? 1961లో, మా అనంతపురం జిల్లాలో. అప్పటికి చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం అన్నీ ఆ జిల్లాలోవే, శ్రీ సత్యసాయి జిల్లా 2022లో కదా వచ్చింది. దేశమంతా పాకిన క్షయ కార్యక్రమానికి నమూనా మా కరువు నేల మీద తయారైంది.

అయితే పరీక్షను పల్లెకు పంపినవాళ్ళు అనుమానాన్ని కూడా దాని వెంటే పంపారు. మేం కార్బాల్ ఫుక్సిన్ పోసి, కింద స్పిరిట్ దీపం పెట్టి ఆవిరి లేచేదాకా వేడిచేసి, యాసిడ్‌తో కడిగి, మిథిలీన్ బ్లూ పోసి స్లైడు తయారుచేసేవాళ్ళం. వంద ఫీల్డులు చూడకుండా నెగెటివ్ రాయకూడదు. వందలో 1 నుంచి 9 పురుగులు కనబడితే ఆ అంకే రాయాలి. 10 నుంచి 99 అయితే ఒక ప్లస్. రాసింతర్వాత స్లైడు పారేయడానికి లేదు, పెట్టెలో దాచాలి. తర్వాతి కాలంలో ఆ పెట్టెలోంచి ఏవో కొన్ని తీసుకుపోయి, నేను రాసిన రిజల్ట్ కనబడకుండా ఇంకొకరి చేత చూపించే పద్ధతి కూడా వచ్చింది. మలేరియా స్లైడులకూ అంతే. పాజిటివ్‌లు అన్నీ, నెగెటివ్‌లలో పదో వంతూ పై లేబుకు క్రాస్‌చెకింగుకు పోయేవి. తేడా వస్తే జీపులో సూపర్‌వైజరు దిగేవాడు.

ఆ జీపు శబ్దం వింటే మాకు గుండె దడ. ఆయన్ని తిట్టుకోని టెక్నీషియన్ ఈ జిల్లాలో లేడు. అయినా చూడండి, మా పని మీద ప్రభుత్వానికి అనుమానం ఉండేది, ఆ అనుమానానికి ఒక రిజిస్టరు, ఒక పెట్టె, ఒక జీపు, ఒక మనిషి ఉండేవాళ్ళు.

ఇక ఇప్పటి కథ. 2018 నుంచి సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మారుస్తూ వచ్చారు. అక్కడే పద్నాలుగు రకాల పరీక్షలు చేయాలని లెక్క. మంచిదే. బీపీ చూసే పిల్లే షుగర్ చూస్తుంది, హిమోగ్లోబిన్ చూస్తుంది, డెంగీ, మలేరియా కిట్లు చూస్తుంది. ఈ మధ్య మా పక్క అలాంటి ఒకచోటికి వెళ్ళాను, పేరు చెప్పను. మే నెల, బయట నలభై డిగ్రీలు దాటింది, లోపల ఫ్యాను వేడి గాలి కొడుతోంది. టేబుల్ మీద షుగర్ స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంది. ఆ డబ్బా మీదే రాసుంది, 30 డిగ్రీలకు మించి వేడి తగలరాదు, తీయగానే మూత పెట్టాలని. స్ట్రిప్పు మీద ఉండేది ఎంజైము, వేడికీ తేమకూ చెడిపోతుంది. పైకి చూస్తే మాత్రం కొత్త స్ట్రిప్పుకూ చెడిన స్ట్రిప్పుకూ తేడా కనబడదు.

నా ముందున్న పెద్దమ్మ సంచిలో బెల్లం అచ్చు ఉంది, వేళ్ళకు అంటుకుని ఉంది. నర్సు దూదికి స్పిరిట్ అద్ది వేలు ఒకసారి రుద్ది సూది గుచ్చింది. నెత్తురు సరిగ్గా రాలేదని వేలు పిండింది. అయిదు సెకండ్లలో అంకె వచ్చింది. సబ్బు నీళ్ళతో కడగకపోతే చేతి తీపి స్పిరిట్‌కు పూర్తిగా పోదు, అది అంకెను పైకి లేపుతుంది. వేలు గట్టిగా పిండితే కండలోని నీరు నెత్తురుతో కలిసి అంకెను మార్చేస్తుంది. ఆ పెద్దమ్మకు వచ్చిన అంకెలో చక్కెర ఎంత, బెల్లం ఎంత, పిండిన నీళ్ళెన్ని? మిషన్‌కు తెలియదు, దానికి చుక్క ఒక్కటే తెలుసు.

ఇంకో సంగతి ఉంది, మా పక్క మరీ ముఖ్యం. నెత్తురు తక్కువున్న మనిషికి చాలా గ్లూకోమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చక్కెర చూపిస్తాయి. కొత్త రకం మీటర్లలో కొన్ని ఈ తేడాను సరిచేసుకుంటాయి, అన్నీ కాదు. మా పల్లెల్లో గర్భిణులకు నెత్తురు తక్కువుండడం ఎంత మామూలో నేను సాలీ గొట్టంతో చూసినవాణ్ణి. అంటే ఎవరికి అంకె అన్నిటికంటే సరిగ్గా రావాలో వాళ్ళకే అది జారుతుంది.

మిషన్లకు ప్రమాణం లేదనడం లేదు. ఐఎస్ఓ 15197 అని 2013 నాటి కొలత ఒకటి ఉంది. చక్కెర 100 లోపుంటే నూటికి 95 రిజల్టులు అసలుకు 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ లోపల ఉండాలి, 100 నుంచి పైన అయితే 15 శాతం లోపల ఉండాలి. అంటే అసలు 200 ఉన్నవాడికి 170 చూపినా పాసే, 230 చూపినా పాసే. అదీ మంచి స్ట్రిప్పు, కడిగిన చెయ్యి, చల్లని గది ఉన్నప్పుడు.

"అమ్మా, కంట్రోల్ ద్రావణం ఎప్పుడు వేసినావు?" అని నర్సును అడిగాను. అల్మరాలోంచి డబ్బా తీసింది. సీలు అలాగే ఉంది. "ఇది దేనికి సార్?" అంది. ఆ పిల్లను అనడానికి నాకు నోరు రాలేదు. టీకాలు, గర్భిణులు, మందులు, నాలుగు యాప్‌లలో ఎంట్రీలు, అన్నీ ఒక్కతే చూడాలి. పరీక్ష నేర్పినవాళ్ళు, పరీక్షను అనుమానించడం నేర్పలేదు.

ఈ సందులోకే ఏఐ వస్తున్నది. మా పిల్లోడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. అదేం చేస్తుందో విన్నాక నాకు ఇంకా ఒళ్ళు మండింది, ఎందుకంటే అందులో సగం మా కాలం నాటి సరుకే.

వాడు చూపించిన గీతల చార్టు 1924లోదే. అమెరికాలో టెలిఫోన్ పరికరాల ఫ్యాక్టరీ కోసం షూహార్ట్ అనే ఆయన గీశాడు. మధ్యలో సగటు, పైనా కిందా హద్దులు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా పిల్లలకూ తెలిసిన చార్టే అది. 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు దాన్ని లేబుకు తెచ్చారు. రోజూ కంట్రోల్ వేసి చుక్క పెట్టడం, చుక్కలు ఎటు నడుస్తున్నాయో చూడడం. 1981లో వెస్ట్‌గార్డ్ నియమాలు వచ్చాయి. ఒక్క చుక్క సగటు నుంచి మూడు ఎస్‌డీలు (ప్రామాణిక విచలనాలు) దాటినా ఆపాలి, పది చుక్కలు వరసగా సగటుకు ఒకే పక్కన పడినా ఆపాలి. సర్లే, ఇదంతా కంట్రోల్ సీసా ఉన్నచోట. కంట్రోల్ లేనప్పుడు రోగుల రిజల్టులనే కంట్రోల్‌గా వాడుకోవచ్చన్న ఆలోచన 1965లో హాఫ్‌మన్, వెయిడ్ చెప్పారు. రోజూ వచ్చే జనం ఇంచుమించు ఒకే తీరు కాబట్టి, వాళ్ళ సగటు ఉన్నట్టుండి జరిగితే జనం మారలేదు, మిషన్ మారింది. 1974లో బుల్ అనే ఆయన నెత్తురు కణాల మిషన్లకు దీన్నే ఇరవై ఇరవై మంది చొప్పున లెక్కగట్టాడు.

"మరి ఇందులో కొత్తేముందప్పా?" అన్నాను.

"అప్పుడు ఒక మిషన్, ఒక సగటు తాతా. ఇప్పుడు నూరు సెంటర్ల మీటర్లు ఒకేసారి చూడొచ్చు. ఏ లాట్ స్ట్రిప్పు, ఎవరు చేసినారు, ఏ టైముకు, రోగి వయసెంత, పోయినసారి ఎంతొచ్చింది, అన్నీ కలిపి చూస్తాది. ఒకే లాట్ వాడే సెంటర్లన్నిట్లో అంకె కొంచెం కొంచెం పైకి పోతాంటే మనిషి కంటికి తెలీదు, దానికి తెలుస్తాది. ఒకరి లాగిన్‌లో ఎప్పుడూ గుండ్రటి అంకెలే వస్తాంటే అదీ పట్టుకుంటాది."

ఆ చివరి మాటకు నేను ఒప్పుకున్నాను. చేయని పరీక్షకు 110 అని రాసేసే ఘనులు మా కాలంలోనూ ఉండేవాళ్ళు. వాళ్ళను పట్టుకోవడం జీపు సూపర్‌వైజరు వల్ల కూడా కాలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకున్నాను. రాపిడ్ కిట్టులో గీత సన్నగా పడినప్పుడు అది గీతా, కాదా అన్న గొడవ నాకు బాగా తెలుసు. మన దేశంలో హెచ్ఐవీ పాజిటివ్ అనాలంటే ఒక కిట్టు చాలదు, వేరువేరు రకాల కిట్లు మూడు చేయాలి. ఆ నియమం పెట్టినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ పల్లెల్లో ఫీల్డు సిబ్బంది ట్యాబ్‌లతో తీసిన పదకొండు వేలకు పైగా కిట్ల ఫొటోలు చూపించి ఏఐకి గీత చదవడం నేర్పారు. 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఆ సంగతి వచ్చింది. తర్వాత పోటీ పెట్టి చూస్తే అనుభవమున్న నర్సులకంటే, కొత్తగా నేర్చినవాళ్ళకంటే అదే తక్కువ తప్పులు చేసింది. సాయంత్రం వెలుగు తగ్గాక, కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన రోజున గీత చదివేవాడి అవస్థ పడినవాణ్ణి నేను. ఆ పనికి మిషన్ రానీ, కాదనను.

కానీ మూడు సంగతులు మా పిల్లోణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

ఒకటి. సగటు చూసి మిషన్‌ను పట్టుకోవాలంటే రోజుకు చాలా పరీక్షలు జరగాలి. మా పల్లె సెంటర్లో నాలుగో అయిదో జరుగుతాయి, సగటుకు ఆధారం చాలదు. పది ఊళ్ళవి కలిపితే, ఒక్క ఊరి మీటరు చెడిన సంగతి తొమ్మిది ఊళ్ళ మంచి అంకెల్లో మునిగిపోతుంది. పైగా వారానికోసారి షుగర్ రోగులందర్నీ పిలిచిన రోజు సగటు దానంతట అదే లేస్తుంది. ఆ సంగతి దానికి ఎవరో చెప్పాలి.

రెండు. అది ఎవర్ని చూసి నేర్చుకుంది? అమెరికా జనాన్ని చూసి నేర్చుకున్న ప్రోగ్రాం మా ఊరి గర్భిణికి హిమోగ్లోబిన్ 7 వస్తే మిషన్ చెడిందనుకుంటుంది. మిషన్ చెడలేదు నాయనా, ఆమెకు ఉన్నదే అంత. సరే, మా ఊరి అంకెలతోనే నేర్పితే? మొదటి రోజు నుంచీ మీటరు ఎక్కువ చూపిస్తుంటే ఆ ఎక్కువే దానికి మామూలు అవుతుంది. అందుకని అప్పుడప్పుడు నరం నుంచి నెత్తురు తీసి పెద్ద లేబుకు పంపి, మీటరు అంకెతో పోల్చక తప్పదు. ఆ శాంపిల్ తీసుకుపోయే బండి ఏది?

మూడు. "ఇది తప్పు చెప్తోంది" అని ఏఐ తేల్చింది. తర్వాత?

"అలర్ట్ పోతాది తాతా."

"ఎవురికి?"

"సెంటర్ ఫోన్‌కు."

"ఆ పిల్ల ఏం చేయాల? ఉండేది ఒకే మీటరు. దాన్ని పక్కన పెడితే బయట బెంచీ మీద కూర్చున్నోళ్ళను ఏం చేయాల? టార్గెట్ తగ్గిందని రివ్యూ మీటింగులో అడిగితే ఎవురు సమాధానం చెప్పాల?"

"అది ప్రోగ్రాంలో లేదు తాతా, గవర్నమెంటు చూసుకోవాల."

చూసుకోవాలి మరి. యంత్రానికి అనుమానం రావడం నాకిష్టమే. పరీక్షలు వందల చేతుల్లోకి పోయాయి, ప్రతి చేతి వెనకా ఒక జీపు పెట్టలేం, ఏఐ అన్ని చేతులనూ ఒకేసారి చూడగలదు. కానీ అనుమానం వచ్చాక పని మొదలవుతుంది. కంట్రోల్ వేయాలి, కొత్త డబ్బా తెరవాలి, చెయ్యి కడిగించి మళ్ళీ గుచ్చాలి, అప్పటికీ తేడా ఉంటే లేబుకు పంపాలి. వీటన్నిటికీ సరుకు కావాలి, టైము కావాలి, ఇంకో మీటరు కావాలి.

మా రోజుల్లో రిజిస్టరులో ఒక మాట రాసేవాళ్ళం: "శాంపిల్ సరిగా లేదు, మళ్ళీ పంపండి." అది రాసినందుకు డాక్టర్లు విసుక్కున్నారు, రోగులు తిట్టారు, అయినా ఎవరూ ఆ మాట కొట్టేయలేదు. ఈ రోజు రిజల్ట్ ఇవ్వను అనే హక్కు టెక్నీషియన్‌కు ఉండేది. సబ్‌సెంటర్లో ఆ పిల్లకు ఆ హక్కు ఇవ్వండి, యాప్‌లో దానికొక గడి పెట్టండి, ఆ గడి నింపినందుకు ఆమెను నిలదీయకండి. అది చేయకుండా ఎంత తెలివైన ప్రోగ్రాం తెచ్చినా అది మోగుతూనే ఉంటుంది, తప్పు అంకె చీటీ ఎక్కుతూనే ఉంటుంది.